కవర్లో ఇడ్లీ పిండి: ఏ రోజు పిండితో ఏ టిఫిన్

షాపు ఫ్రిజ్‌లో అమ్మే కిలో ఇడ్లీ-దోసె పిండి ప్యాకెట్ గురించి ఇళ్లలో రెండు మాటలు వినిపిస్తాయి. "ఇడ్లీలు దూదుల్లా వచ్చాయి" అనేది ఒకటి. "బిళ్లల్లా వచ్చాయి, ఇంకోసారి ఆ కవరు తేవద్దు" అనేది రెండోది. ఆ రెండూ ఒకే కంపెనీ పిండి గురించి, ఒకే వారంలో అన్న మాటలు కావచ్చు. తేడా చాలాసార్లు కంపెనీలో ఉండదు, పిండి వయసులో ఉంటుంది. ప్యాక్ చేసిన మర్నాడు వాడిన పిండి, నాలుగో రోజు వాడిన పిండి ఒకటి కావు. ఈ సంగతి పట్టించుకుని కొంటే పని రోజుల్లో పొద్దున పూట ఇంతకన్నా అక్కరకొచ్చే సరుకు మరొకటి లేదు. పట్టించుకోకపోతే డబ్బు దండగ.

ముందు ఈ ప్యాకెట్ ఏ పని తప్పిస్తుందో చూద్దాం. ఇడ్లీ ఉడకడానికి పది నిమిషాలు, దోసె కాలడానికి రెండు నిమిషాలు. అది ఎలాగూ తప్పదు. తప్పేది ముందురోజు పని. గ్లాసు మినప్పప్పు నాలుగైదు గంటలు నానాలి, అరగంట రుబ్బాలి, రెండు గ్లాసుల ఇడ్లీ రవ్వ కడిగి, నీళ్లు పిండేసి కలపాలి, రాత్రంతా పులియాలి, గ్రైండర్ కడగాలి. సాయంత్రం ఏడింటికి ఆఫీసు నుంచి వచ్చే ఇంట్లో జరగనిది ఇదే. 2005లో బెంగళూరులో పి.సి. ముస్తఫా, ఆయన బంధువులు చిన్నగా మొదలుపెట్టిన ఐడీ ఫ్రెష్ నిలదొక్కుకున్నది ఈ అవసరం మీదే. ఇప్పుడు హైదరాబాద్‌లో, విజయవాడలో, విశాఖలో ఆ కంపెనీ పక్కనే స్థానిక కంపెనీల కవర్లూ వరుసగా కనిపిస్తాయి.

కవరులో ఏం జరుగుతుంది

బియ్యం, మినప్పప్పు, నీళ్లు, కొన్నింటిలో మెంతులు, ఉప్పు. ఇంతే ఉండాలి. రుబ్బిన పిండిలో లాక్టిక్ ఆమ్లాన్ని తయారుచేసే బ్యాక్టీరియా సహజంగానే ఉంటుంది. అది పిండిలోని చక్కెరలను తిని పులుపునూ, కార్బన్ డయాక్సైడ్‌నూ వదులుతుంది. ఆ గాలి బుడగలను మినప్పప్పు జిగురు పట్టి ఉంచుతుంది కాబట్టే పిండి పొంగుతుంది, ఇడ్లీ గుల్లబారుతుంది. దీనికి బాగా నప్పే వేడి 28 నుంచి 32 డిగ్రీలు. ఫ్రిజ్‌లో నాలుగైదు డిగ్రీల దగ్గర ఈ పని ఆగదు, నెమ్మదిస్తుంది. అంటే మీరు కొన్నది ఇంకా పని చేస్తూనే ఉన్న పిండి. రోజు గడిచేకొద్దీ పులుపు పెరుగుతుంది, పట్టు తగ్గుతుంది.

అందుకే కవరు మీద మొదట చూడాల్సింది ప్యాక్ చేసిన తేదీ. గడువు తేదీ తర్వాత సంగతి. ఎంత పులియనిచ్చి ప్యాక్ చేస్తారన్నది కంపెనీని బట్టి మారుతుంది కాబట్టి ఒక రోజు అటూ ఇటూ అవుతుంది కానీ, దాదాపు అన్ని కవర్లూ ఈ దారిలోనే నడుస్తాయి.

ప్యాక్ చేసిన రోజు, ఆ మర్నాడు: పిండి చిక్కగా, తెల్లగా, వాసన లేకుండా ఉంటుంది. నేరుగా ఇడ్లీ వేస్తే పొంగదు. "బిళ్లల్లా వచ్చాయి" అనే ఫిర్యాదులో సగం ఇక్కడిదే. కావలసినంత పిండి గిన్నెలోకి తీసి, మూత పెట్టి, బయట ఉంచండి. మామూలు రోజుల్లో రెండు గంటలు, హైదరాబాద్ చలికాలంలో మూడు నాలుగు గంటలు, బెజవాడ ఎండాకాలంలో ముప్పావు గంట చాలు. పొద్దున్నే అంత వ్యవధి ఉండదు కాబట్టి తాజా కవరు చేతికి వచ్చిన రోజు మర్నాటికి ఇడ్లీ పెట్టుకోవద్దు, దోసె వేయండి.

రెండు, మూడు రోజులు: ఇడ్లీకి ఇదే సమయం. కొంచెం పుల్లటి మంచి వాసన, గరిటెతో తీస్తే లోపల సన్నటి గుల్లలు. ఫ్రిజ్‌లోంచి తీసి నేరుగా రేకుల్లో వేసుకోవచ్చు.

నాలుగు, ఐదు రోజులు: పులుపు తెలుస్తుంది, ఇడ్లీ కొంచెం అణిగినట్టు వస్తుంది. దోసెకు మాత్రం ఇప్పుడే రుచి.

ఆ తర్వాత గడువు లోపు: ఊతప్పం, దిబ్బరొట్టె, పొంగణాలు. లేదంటే సాయంత్రం పునుగులు.

తేదీల లెక్క మీద నమ్మకం లేకపోతే గ్లాసుడు నీళ్లలో అర చెంచా పిండి వేసి చూడండి. తేలితే ఇడ్లీకి సిద్ధం. మునిగితే ఇంకా పులియాలి, లేదా పులిసి గాలంతా పోయింది. ఈ రెంటిలో ఏదో వాసన చూస్తే తెలిసిపోతుంది.

పాడైందని చెప్పే గుర్తులు వేరు. గులాబీ, నారింజ, నలుపు లేదా ఆకుపచ్చ మచ్చలు, తీగలా సాగే జిగురు, కుళ్లు వాసన. వీటిలో ఏది కనిపించినా మొత్తం పారబోయాలి. పైపైన తీసేసి అడుగుది వాడుకోవడం కుదరదు. పైన తేరిన పల్చటి నీళ్లు మాత్రం తప్పు కాదు. మెల్లగా కలుపుకోవచ్చు, దోసెకైతే వంచేయవచ్చు.

షాపులో కవరు ఎంచుకోవడం

కవరు కొద్దిగా ఉబ్బి ఉండటం మామూలే. గాలి పోవడానికి చాలా కవర్లకు సన్నటి రంధ్రాలో, చిన్న వాల్వో ఉంటుంది. నిన్న ప్యాక్ చేసినట్టు తేదీ ఉండి, కవరు మాత్రం బంతిలా బిగిసిపోయి ఉంటే దారిలోనో షాపులోనో అది ఫ్రిజ్ బయట చాలాసేపు గడిపిందని అర్థం. ఇంటికి వచ్చేసరికి అది నాలుగో రోజు పిండే. దోసెకు పనికొస్తుంది, ఇడ్లీకి వద్దు. కవరు వెనక పదార్థాల పట్టీ చదవండి. బియ్యం, పప్పుల తర్వాత నిల్వ మందుల పేర్లు, సోడా పేరు కనిపిస్తే పక్కన పెట్టేయండి. సరిగ్గా పులిసిన పిండికి సోడా అక్కర్లేదు. ఆహార భద్రత చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఇచ్చే లైసెన్సు నంబరు పద్నాలుగు అంకెలు ఉండాలి.

నిమిషాల్లో తెచ్చిచ్చే డెలివరీ యాప్‌లో తెప్పించుకునేవాళ్లు పొద్దున్న ఆరున్నరకు కాకుండా ముందురోజు రాత్రి తెప్పించుకోవడం మేలు. వచ్చినది తాజా కవరైతే బయట పెట్టుకునే వ్యవధి ఉంటుంది. పాతదైతే మర్నాడు దోసె అని ముందే అనుకోవచ్చు. ఉబ్బిన కవరును నొక్కకండి. గిన్నెలో నిలబెట్టి మూల కత్తిరించండి. లేకపోతే గోడ తుడుచుకోవడానికి పట్టే సమయం కూడా టిఫిన్ లెక్కలోకే వస్తుంది.

తెరిచాక మిగిలినది కవరులోనే మడిచి పెట్టవద్దు. స్టీలు లేదా గాజు డబ్బాలో, మూడో వంతు ఖాళీ ఉంచి పెట్టండి. బయట పెట్టి వేడెక్కిన పిండిని మళ్లీ అందులో కలపవద్దు, డబ్బా మొత్తం త్వరగా పులిసిపోతుంది. తడి గరిటె ముంచవద్దు.

ఇడ్లీ

కిలో కవరుకు మామూలు రేకుల్లో ఇరవై, ఇరవై రెండు ఇడ్లీలు వస్తాయి. గుంటకు 45 గ్రాముల పిండి అనుకోండి. ఉప్పు ముందే కలిపారో లేదో పట్టీలో చూడండి. లేకపోతే కిలోకు ఒకటిన్నర నుంచి రెండు చెంచాలు, అదీ వాడుకునే పిండిలోనే ఏ పూటకాపూట కలపండి.

ఇడ్లీ పాత్రలో రెండు గ్లాసుల నీళ్లు పోసి ముందు స్టవ్ మీద పెట్టండి, తర్వాత పిండి పని చూడండి. తిరగేసి చేస్తే, నీళ్లు మరిగేదాకా రేకులు గోరువెచ్చటి ఆవిరిలో కూర్చుని ఇడ్లీ అడుగు జిగురుగా తయారవుతుంది. రేకులకు చుక్క నూనె రాయండి. పిండిని గిలక్కొట్టవద్దు, అడుగు నుంచి రెండుసార్లు తిప్పితే చాలు. పట్టి ఉన్న గాలే మీ సోడా. గుంటలు ముప్పావు వంతు నింపండి.

నీళ్లు తెర్లుతుండగా రేకులు దించి, మూత పెట్టి, పెద్ద మంట మీద పన్నెండు నిమిషాలు. బయట ఉంచిన పిండైతే పది. కుక్కర్లో పెడితే వెయిట్ తీసేయాలి. స్టవ్ ఆపాక మూడు నిమిషాలు ఆగి, తడి చెంచాతో తీయండి. వేడి మీదే లాగితే సగం రేకుకే అంటుకుని ఉంటుంది. పిల్లల బస్సు వచ్చే వేళకు చాలా ఇళ్లలో జరిగేది ఇదే. ఆ మూడు నిమిషాలు దక్కాలంటే స్టవ్ మూడు నిమిషాలు ముందు వెలిగించడం తప్ప వేరే దారి లేదు.

పై రేకు ఇడ్లీలు నీళ్లు పట్టి నానినట్టు వస్తుంటే మూత మీద చేరిన ఆవిరి చుక్కలు పడుతున్నట్టు. మూత కింద పల్చటి గుడ్డ కట్టండి. పిండి పల్చగా ఉండి ఇడ్లీ అప్పచ్చిలా పరుచుకుంటే రెండు చెంచాల వేయించిన బొంబాయి రవ్వ కలిపి పది నిమిషాలు ఆగండి. పన్నెండు నిమిషాలకే ఆపకుండా ఇరవైకి వదిలేస్తే మాత్రం ఎంత మంచి పిండైనా గట్టిపడుతుంది.

ఒక లోటు చెప్పుకోవాలి. ఇది దాదాపు అన్ని పెద్ద కంపెనీల కవర్లకూ వర్తిస్తుంది. మన ఇళ్ల ఇడ్లీ మినప్పిండిలో ఇడ్లీ రవ్వ కలిపి చేసేది. నోట్లో పలుకు తెలుస్తుంది, పచ్చట్లో ముంచితే పీల్చుకుంటుంది. కవరు పిండి బియ్యాన్ని కూడా రుబ్బి చేసేది, ఇడ్లీకీ దోసెకూ ఒకటే. అందుకే ఆ ఇడ్లీ నున్నగా, కొంచెం సాగుతున్నట్టు ఉంటుంది. తమిళ ఇళ్లలో అదే అలవాటు కాబట్టి వాళ్లకు అది లోటు కాదు. మనకు కావలసిన పలుకు రావాలంటే రాత్రి పడుకునే ముందు అరకిలో పిండికి పావు గ్లాసు ఇడ్లీ రవ్వ కడిగి, ఇరవై నిమిషాలు నానబెట్టి, గట్టిగా పిండి, కలిపి ఫ్రిజ్‌లో పెట్టేయండి. పొద్దున్నకు సిద్ధం. మరో రెండు నిమిషాలు ఎక్కువ ఉడికించండి. పిండి కూడా రెండు పూటలకు సరిపోయేది మూడో పూటకు కాస్త మిగులుతుంది.

దోసె

కవరు పిండి అసలు బలం ఇక్కడే ఉంది. ఇడ్లీకి పనికొచ్చే చిక్కదనం దోసెకు ఎక్కువ కాబట్టి గ్లాసు పిండికి మూడు నాలుగు పెద్ద చెంచాల నీళ్లు కలపండి. గరిటె వెనక పల్చటి పొరలా అంటాలి, కారిపోకూడదు. ఫ్రిజ్ చల్లదనం పోయేలా పదిహేను నిమిషాలు ముందు తీసిపెట్టండి. చల్లటి పిండి వేడి పెనం మీద పడితే పరుచుకోకముందే గడ్డకట్టి గరిటెకు చుట్టుకుంటుంది.

దోసె తెల్లగానే ఉంది, ఎర్రబడటం లేదు అనేది తాజా కవరుతో వచ్చే ఫిర్యాదు. రంగు రావడానికి పిండిలో చక్కెరలు కావాలి. గ్లాసున్నర పిండికి పావు చెంచా పంచదార, పెద్ద చెంచాడు బొంబాయి రవ్వ కలిపి పది నిమిషాలు ఉంచితే హోటల్ దోసె రంగు, కరకర రెండూ వస్తాయి. రవ్వ బదులు చెంచా శనగపిండి కూడా పనిచేస్తుంది కానీ దోసె చల్లారితే తోలులా అవుతుంది. డబ్బాలో పెట్టి పంపే దోసెకు శనగపిండి వద్దు.

పెనం బాగా కాలాక నీళ్లు చిలకరించి, ఉల్లిపాయ ముక్కతో నూనె రాయండి. చుక్కలు గంతులేసి ఎగిరిపోతే వేడి ఎక్కువైనట్టు. మెల్లగా ఇగిరితే ఇంకా కాలాలి. చుర్రుమని రెండు క్షణాల్లో ఆరిపోతే సరిపోయింది. మంట తగ్గించి, గరిటెడు పిండి నడిమధ్య పోసి, లోపలి నుంచి బయటికి ఒకే ఊపున తిప్పండి. పరిచాక మంట పెంచి, అంచుల చుట్టూ చెంచా నూనె. నిమిషంన్నర నుంచి రెండు నిమిషాలు. పల్చటి దోసెను తిరగేయనక్కర్లేదు. రెండో దోసెకు ముందు మళ్లీ నీళ్లు చిలకరించి తుడవాలి. రెండు మూడు దోసెల తర్వాత అంటుకోవడం మొదలవుతుందంటే ఈ తుడుపు మానేసినందుకే. నాన్‌స్టిక్ పెనానికైతే పరిచే ముందు నూనె అక్కర్లేదు, రాస్తే పిండి జారిపోయి పరుచుకోదు.

పచ్చడి లేకుండా సరిపోయే రెండు దోసెలు పనిరోజుల్లో చాలా ఆదుకుంటాయి. దోసె మీద ఎర్రకారమో కందిపొడో చల్లి, నెయ్యి వేసి మడిచేయడం ఒకటి. గుడ్డు దోసె రెండోది. దోసె సగం కాలాక గుడ్డు కొట్టి, గరిటె వెనకతో పరిచి, ఉప్పు, మిరియాల పొడి చల్లి, తిరగేసి అర నిమిషం. పిల్లలకు ఇది ఒక్కటి తింటే పదకొండు దాకా ఆకలి అనిపించదు.

ముసలి పిండికి అసలైన పని: దిబ్బరొట్టె

ఐదో రోజు దాటిన పిండిని చాలామంది సోడా వేసి ఇడ్లీకే వాడాలని చూస్తారు. సోడా పులుపును కొంత విరుస్తుంది, గాలి కూడా వదులుతుంది, నిజమే. చిటికెడు దాటితే మాత్రం ఇడ్లీ పసుపు రంగుకు తిరిగి సబ్బు వాసన వేస్తుంది. అంతకన్నా గోదావరి, కృష్ణా జిల్లాల దిబ్బరొట్టె మేలు. దాని సుగుణం ఏమిటంటే మనిషి స్టవ్ దగ్గర నిలబడనక్కర్లేదు.

గ్లాసున్నర పిండికి పావు గ్లాసు నానబెట్టి పిండిన ఇడ్లీ రవ్వ, అర చెంచా జీలకర్ర, తగినంత ఉప్పు. పిండి గరిటె జారుగా కాకుండా ముద్దగా ఉండాలి. ఇనుప మూకుడులో రెండు పెద్ద చెంచాల నూనె కాచి, పిండి మొత్తం ఒకేసారి పోసి, మూత పెట్టి, మంట పూర్తిగా తగ్గించండి. పది, పన్నెండు నిమిషాలు. ఈలోపు స్నానం అయిపోతుంది. పైభాగం ఆరి, అంచులు మూకుడును వదిలాక అట్లకాడతో తిరగేసి మూత లేకుండా ఇంకో ఐదు నిమిషాలు. పైన బిస్కెట్ రంగు పెంకు, లోపల ఇడ్లీ మెత్తదనం. నాలుగు ముక్కలుగా కోస్తే ఇద్దరికి టిఫిన్. అల్లం పచ్చడి ఉంటే ఇంకేమీ అక్కర్లేదు. మంట పెద్దదైతే అడుగు మాడి నడిమి భాగం పచ్చిగా మిగులుతుంది. పల్చటి అల్యూమినియం మూకుడులోనూ అంతే.

రాయలసీమ ఇళ్లలో ఇదే పిండికి ఉల్లి, పచ్చిమిర్చి, కొత్తిమీర కలిపి పొంగణాల పెనంలో వేస్తారు. గుంటకు నాలుగు చుక్కల నూనె, మూత పెట్టి మూడు నిమిషాలు, తిప్పి రెండు నిమిషాలు. పిల్లల డబ్బాకు ఇడ్లీ కన్నా పొంగణాలే నయం, చల్లారినా గట్టిపడవు. ఊతప్పానికి పిండిలో నీళ్లు కలపకుండా మందంగా వేసి, సన్న మంట మీద మూత పెట్టాలి.

వీధి చివర పిండి

కవరు కన్నా మంచిది ఉంది, దొరికితే. పేటల్లో సాయంత్రం పూట గ్రైండర్ పెట్టి, రుబ్బిన పిండిని కిలోల్లెక్కన అమ్మేవాళ్లు. ఆ పిండి ఆ పూటే రుబ్బింది, పైగా ఇడ్లీ పిండి, దోసె పిండి వేరుగా ఇస్తారు, రవ్వ కలిపినదీ దొరుకుతుంది. రాత్రి బయట పెడితే మన ఇంట్లోనే పులుస్తుంది కాబట్టి పొద్దున్నకు వయసు సరిగ్గా సరిపోతుంది. స్టీలు డబ్బా తీసుకెళ్లండి. రెండు విషయాలు గమనించాలి: పిండి బరువుకు నీళ్లు ఎక్కువ కలిపారా, రుబ్బగానే పొంగినట్టు కనిపిస్తోందా. అప్పుడే రుబ్బిన పిండి బుసబుసలాడుతుంటే అందులో సోడానో, నిన్నటి పిండో కలిసి ఉండొచ్చు. ఎండాకాలంలో సాయంత్రం ఆరింటికి కొన్నదాన్ని రాత్రి పదికే ఫ్రిజ్‌లో పెట్టేయండి, తెల్లారేదాకా బయట ఉంచితే పొంగి పొర్లుతుంది.

పొడి మిక్స్‌ల సంగతి

రవ్వ ఇడ్లీ మిక్స్ ఒక ప్యాకెట్ ఇంట్లో ఎప్పుడూ ఉండటం మంచిదే. రవ్వ ఇడ్లీ పుట్టుక కూడా అవసరంలోంచే. రెండో ప్రపంచ యుద్ధకాలంలో బియ్యం కరవైనప్పుడు బెంగళూరు ఎమ్‌టీఆర్ హోటల్ వాళ్లు బొంబాయి రవ్వతో చేసి చూసిన ఇడ్లీ అది. ఇందులో పొంగు పులిసిన పిండి వల్ల కాదు, మిక్స్‌లోని సోడాకు పెరుగు పులుపు తగలడం వల్ల వస్తుంది. అందుకే కమ్మటి తాజా పెరుగు కన్నా నిన్నటి పుల్ల పెరుగు మేలు. అందుకే కలిపాక ఐదు నిమిషాలకు మించి ఆగకూడదు కూడా. ఒకేసారి గిన్నె నిండా కలిపి రెండు వాయిలుగా వేస్తే రెండో వాయి తప్పకుండా పొంగకుండా అణిగిపోతుంది. వాయికి వాయి విడిగా కలుపుకోండి.

దోసె మిక్స్ వద్దు. కవరు పిండి దొరికే ఊళ్లో దానికి పనే లేదు. పెసరట్టు మిక్స్ కూడా అంతే. పెసరట్టుకు పులియడం అక్కర్లేదు. రాత్రి గ్లాసు పెసలు, గుప్పెడు బియ్యం నానబోసి పడుకుంటే, పొద్దున్నే అల్లం, రెండు పచ్చిమిర్చి, ఉప్పు వేసి మిక్సీలో మూడు నిమిషాలు. పొడి మిక్స్‌తో చేసిన అట్టులో ఆ బరక ఉండదు, పచ్చి వాసనా పోదు.

ఉప్మా మిక్స్ కొనడం శుద్ధ దండగ. ఆదివారం పావుగంటలో ఇంట్లోనే అయిపోతుంది. మూడు పెద్ద చెంచాల నూనెలో ఆవాలు, పెద్ద చెంచా శనగపప్పు, పెద్ద చెంచా మినప్పప్పు, గుప్పెడు జీడిపప్పు వేయించి, ఆరు పచ్చిమిర్చి ముక్కలు, రెండు రెబ్బల కరివేపాకు కరకరలాడేదాకా వేగనివ్వండి. అందులోనే రెండు గ్లాసుల బొంబాయి రవ్వ వేసి, సన్న మంట మీద కమ్మటి వాసన వచ్చేదాకా పది నిమిషాలు తిప్పండి. ఆపాక ఒకటిన్నర చెంచా ఉప్పు, అర చెంచా శొంఠి పొడి. పూర్తిగా చల్లారాకే డబ్బాలోకి. మూడు వారాలు నిలవ ఉంటుంది. మిర్చిలోనో కరివేపాకులోనో తడి మిగిలితే మాత్రం వారానికే బూజు పడుతుంది, పచ్చి అల్లం వేసినా అంతే. పొద్దున్నే గ్లాసు మిక్స్‌కు రెండున్నర గ్లాసుల మరిగే నీళ్లు. నీళ్లలోకి మిక్స్ పోస్తూ కలపాలి, మిక్స్ మీద నీళ్లు పోస్తే ఉండలు కడుతుంది. మూత పెట్టి మూడు నిమిషాలు, ఆపాక నిమ్మరసం.

పచ్చడి దగ్గర ఆలస్యం

పిండి కవరులో వచ్చినా పొద్దున్న సమయం తినేది పల్లీలు వేయించడం, పొట్టు తీయడం. పావుకిలో పల్లీలు ఆదివారమే దోరగా వేయించి, పొట్టు తీసి, డబ్బాలో పెట్టుకుంటే మిగతా పని మూడు నిమిషాలు. అర గ్లాసు పల్లీలు, నూనెలో మగ్గించిన నాలుగు పచ్చిమిర్చి, చింతపండు రెబ్బ, ఉప్పు, అర గ్లాసు నీళ్లు. పల్లీల్లో సగం పుట్నాలు వేస్తే చిక్కబడుతుంది, అప్పుడు నీళ్లు కొంచెం ఎక్కువ పట్టండి. ఫ్రిజ్‌లో దొరికే రెడీ కొబ్బరి పచ్చడి కప్పులు ఈ లెక్కలో అక్కర్లేని ఖర్చు.

అమెరికాలో, ఇంగ్లాండ్‌లో ఉండే తెలుగువాళ్లకు భారతీయ సరుకుల దుకాణాల్లో డబ్బాల్లో దొరికే పిండి విషయంలోనూ వయసు సూత్రం ఇదే. కాకపోతే చలికాలంలో వంటింట్లో రెండు గంటలు బయట పెట్టినా అది కదలదు. ఓవెన్ వెలిగించకుండా లోపలి దీపం ఒక్కటి వేసి, ఆ వెచ్చదనంలో గిన్నె పెట్టండి. పెరుగు తోడుపెట్టే సెట్టింగ్ ఉన్న ఎలక్ట్రిక్ కుక్కర్ ఉంటే అందులోనూ బాగా పొంగుతుంది. గిన్నె సగానికే నింపాలి.

ఎంత కొనాలి అనేది మనుషుల లెక్క. మనిషికి మూడు ఇడ్లీలు అనుకుంటే నలుగురికి పన్నెండు, అంటే అరకిలో పైచిలుకు. కిలో కవరు వాళ్లకు ఒక పూట ఇడ్లీ, ఒక పూట దోసె. మూడో రోజుకు ఏమీ మిగలదు కాబట్టి కిలో తీసుకోవచ్చు. ఇద్దరే ఉంటే అర కిలో కవరు దొరికే కంపెనీ చూసుకోండి. దొరక్కపోతే ప్యాక్ తేదీ నిన్నటిదో ఈ రోజుదో ఉన్న కిలో కవరే తీసుకుని, మొదటి పొద్దున దోసె, రెండు మూడు రోజులు ఇడ్లీ, చివరికి దిబ్బరొట్టె అని ముందే అనుకోండి. ఒక్కరే ఉంటే కిలో కవరు జోలికి వెళ్లకుండా ఉప్మా డబ్బా నింపుకోవడం, పెసలు నానబోసుకోవడం నయం.